సంతోషంతో సువార్త పంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తమ విశ్వాసాన్ని ఇతరులతో పంచుకోవాలనే కోరిక ఉన్నా ఎలా మొదలుపెట్టాలో తెలియక వెనుకాడేవారూ, ఉత్సాహం ఎక్కువై ఎదుటివారిని ఇబ్బంది పెడుతున్నామేమోనని సందేహించేవారూ ప్రతి సంఘంలో ఉంటారు. ఈ ఇద్దరూ సాధారణంగా అడిగే ప్రశ్నలనూ, వాక్యాన్నిబట్టి, సంఘ చరిత్రనుబట్టి ఇవ్వగలిగిన జవాబులనూ ఇక్కడ చేర్చాము. కొన్ని జవాబులు పొడవుగా ఉన్నాయి. ఆ ప్రశ్నలు అటువంటివి.

సువార్త చెప్పేటప్పుడు సంతోషం అంత ముఖ్యమా? విషయం సరిగా చెబితే చాలదా?

విషయం సరిగా ఉండడం తప్పనిసరి. ఆ విషయంలో రాజీ లేదు. అయితే ఆ విషయమే సంతోషకరమైనది కనుక, దాన్ని నిర్లిప్తంగా చెప్పినప్పుడు మాటలు సరిగానే ఉన్నా వార్త మారిపోతుంది. గొర్రెల కాపరులకు దూత తెలియజేసినది "మహా సంతోషకరమైన సువర్తమానము" అని లూకా రాశాడు. అపొస్తలుల కార్యములలో కూడా ఆయన ఈ సంగతిని విడిచిపెట్టలేదు: ఫిలిప్పు సమరయలో క్రీస్తును ప్రకటించినప్పుడు ఆ పట్టణంలో మిగుల సంతోషం కలిగింది, ఐతియొపీయుల రాణి కోశాధికారి బాప్తిస్మం పొంది సంతోషిస్తూ తన త్రోవన వెళ్లాడు, ఫిలిప్పీలోని చెరసాల నాయకుడు ఆ రాత్రే తన ఇంటివారందరితో కూడ ఆనందించాడు. పొలంలో దాచబడిన ధనాన్ని గురించిన ఉపమానంలోనైతే యేసు ఒక్క వాక్యంలోనే సంగతంతా చెప్పాడు. ఆ ధనాన్ని కనుగొన్న మనిషి, ఆ పొలం కొనుక్కోవాలని తనకు కలిగినదంతా అమ్మివేయడానికి కారణం భయమూ కాదు, బాధ్యతా కాదు. అతడు సంతోషంతో వెళ్లి అమ్మాడు.

వినేవారు మాటలతోపాటు మాట్లాడే మనిషిని కూడా గమనిస్తారు. సువార్త ప్రకటించే వ్యక్తి అప్పుడే అంత్యక్రియల నుంచి తిరిగి వచ్చినట్టు కనిపించకూడదని పోప్ ఫ్రాన్సిస్ 2013లో రాసిన మాటలో చురక ఉంది గాని, అతిశయోక్తి లేదు.

నేను మితభాషిని. ఉత్సాహంగా మాట్లాడడం నా స్వభావం కాదు. ఈ పని నాకు తగదేమో?

ఉత్సాహాన్ని గొంతు స్థాయితో కొలిచే అలవాటు మన కూడికల్లో ఎక్కువైంది కనుక ఈ సందేహం వస్తున్నది. అంద్రెయ పెద్ద ప్రసంగాలేవీ చేసినట్టు సువార్తల్లో లేదు. మెస్సీయను కనుగొన్నామని తన సహోదరుడు పేతురుతో చెప్పి, అతణ్ణి యేసునొద్దకు తీసుకువచ్చాడు, అంతే. నజరేతులోనుండి మంచిది ఏదైనా రాగలదా అని నతనయేలు అడిగితే ఫిలిప్పు వాదం పెట్టుకోలేదు. "వచ్చి చూడుము" అన్నాడు. ఆ పిలుపులో నమ్మకం ఉంది, ఆత్రుత ఉంది, గొంతు పెంచవలసిన అవసరం మాత్రం లేదు. మీకు ప్రియమైన విషయాన్ని గురించి మీరు సహజంగా ఎలా మాట్లాడతారో, సువార్తను గురించి కూడా అలాగే మాట్లాడండి. మరొకరి హావభావాలను అరువు తెచ్చుకుంటే ఎదుటివారు ఇట్టే పసిగడతారు.

ప్రస్తుతం నాలో ఆ సంతోషమే లేదు. అయినా సువార్త చెప్పవచ్చా? అది వేషధారణ అవుతుందా?

ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది చిత్తశుద్ధి గలవారు. వారిని మరింత నేరభావంలోకి నెట్టే జవాబు ఇవ్వకూడదు.

ముందుగా, సంతోషం అనే పేరు కింద మనం రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నామేమో చూసుకోవాలి. ఒకటి మనసులో ఉప్పొంగే భావన. రెండవది, భావన ఉన్నా లేకపోయినా కదలని ఒక ఆధారాన్నిబట్టి కలిగే నెమ్మది. 1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక కూడికలో, మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ తన హృదయం వింతగా వెచ్చబడిందని రాసుకున్న సంగతి చాలామందికి తెలుసు. ఆ వెంటనే ఆయన రాసుకున్నది మాత్రం అంతగా ప్రచారంలో లేదు. కొద్దిసేపటికే ఆయనకు, "ఇది విశ్వాసం కానేరదు, నీ సంతోషమేదీ?" అన్న శోధన ఎదురైంది. సమాధానమూ పాపంపై జయమూ విశ్వాసానికి అవసరమే గాని, ఉప్పొంగే సంతోషాన్ని దేవుడు తన చిత్తప్రకారం కొన్నిసార్లు ఇస్తాడనీ కొన్నిసార్లు నిలుపుచేస్తాడనీ ఆయన గ్రహించాడు. తరువాతి అర్ధ శతాబ్దం పాటు ఊరూరా తిరిగి ప్రకటించిన మనిషి, తన పనిని ఆ రోజు భావనల ఆటుపోట్లకు వదిలిపెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. లండన్‌లో వేలమందికి బోధించిన చార్లెస్ స్పర్జన్ (1834–1892) తీవ్రమైన మానసిక కుంగుబాటును అనుభవించాడు; ఆ సంగతిని సేవకు సిద్ధపడుతున్న తన విద్యార్థుల దగ్గర దాచలేదు.

కాబట్టి చెప్పవచ్చు, అయితే లేని ఉత్సాహాన్ని ప్రదర్శించకుండా చెప్పాలి. "ఈ మధ్య నాకు చాలా కష్టంగా ఉంది, అయినా నేను ఆయన్ని విడిచిపెట్టలేకపోతున్నాను, ఎందుకో చెబుతాను" అన్న మాటలో కూడా లోతైన సాక్ష్యం ఉంది. దుఃఖపడినవారమై ఉన్నట్లుండియు ఎల్లప్పుడూ సంతోషించువారమని పౌలు కొరింథీయులకు రాసినది ఇటువంటి స్థితిని గురించే.

రెండవ సంగతి, ఎండిపోయిన సంతోషాన్ని మళ్లీ అడగవచ్చు. 51వ కీర్తనలో దావీదు ముందు రక్షణానందాన్ని తనకు మరల పుట్టించమని వేడుకొని, ఆ తరువాతనే అతిక్రమము చేయువారికి దేవుని త్రోవలను బోధిస్తానని అంటాడు. ఆ వరుస గమనించదగ్గది. పశ్చాత్తాపపడవలసిన పాపం ఏదైనా అడ్డుగా ఉంటే దాన్ని ఒప్పుకోవాలి. విశ్రాంతి లేక అలసిపోయి ఉంటే విశ్రాంతి తీసుకోవాలి. బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చినది ఉపదేశం కాదు, నిద్రా భోజనమూ. కుంగుబాటు వారాల తరబడి వీడకపోతే వైద్యుణ్ణి సంప్రదించాలి. దీన్ని విశ్వాస లోపంగా చూసే మాటలను పట్టించుకోనవసరం లేదు.

చిరునవ్వు తెచ్చిపెట్టుకోవడంలో తప్పేముంది?

మర్యాదకోసమైతే తప్పేమీ లేదు. సమస్యలే లేని జీవితం ఉన్నట్టు నమ్మించడానికైతే అది అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి వచ్చినవారు తమ మొదటి కష్టంలోనే మిమ్మల్నీ, మీరు చెప్పిన ప్రభువునూ కలిపి అనుమానిస్తారు.

ఎదుటివారు దుఃఖంలో ఉన్నప్పుడు నా ఉత్సాహాన్ని ఏం చేయాలి?

దాన్ని పక్కన పెట్టి వారి దగ్గర కూర్చోవాలి. మనోదుఃఖం గలవాని యెదుట పాటలు పాడేవాడిని, చలిదినాన పైబట్ట తీసివేసేవాడితో సామెతల గ్రంథం పోల్చింది. అంతకంటే కఠినంగా ఈ తప్పును వర్ణించడం కష్టం. సంతోషించువారితో సంతోషించమన్న పౌలే అదే వాక్యంలో ఏడ్చువారితో ఏడవమన్నాడు. లాజరును లేపబోతున్నానని తెలిసిన యేసు కూడా అతని సహోదరి మరియ ఏడుపు చూసి కన్నీళ్లు విడిచాడు. "కాసేపట్లో అంతా బాగుపడుతుంది, ఏడవకండి" అని ఆమెకు చెప్పలేదు.

మరణం, తీవ్రమైన జబ్బు, కుటుంబ విచ్ఛిన్నం వంటివి ఎదురైన మనిషి దగ్గర సువార్తకు అవకాశం దొరికిందని లోలోపల సంబరపడేవారు కొందరున్నారు. ఆ సంబరం బయటికి కనిపించకపోయినా దాని ఛాయ మాటల్లో పడుతుంది. చేయగలిగిన సహాయం చేయండి, అడిగితే ప్రార్థించండి, అడగకుండా వివరణలు ఇవ్వకండి. యోబు స్నేహితులు అతనితోకూడ నేలపై మౌనంగా కూర్చున్న ఏడు రోజులే వారు అతనికి చేసిన మేలు. తరువాత నోరు తెరిచి దాన్నీ పాడుచేశారు.

ఏం చెప్పాలి? నా దగ్గర గొప్ప సాక్ష్యమేదీ లేదు.

పుట్టుగ్రుడ్డివాడి సాక్ష్యం ఎంత చిన్నదో చూడండి. "ఒకటి మాత్రము నేనెరుగుదును, నేను గ్రుడ్డివాడనైయుండి ఇప్పుడు చూచుచున్నాను." శాస్త్రం తెలిసిన పరిసయ్యుల ప్రశ్నల ముందు అతడు తనకు తెలియనిది తెలియదన్నాడు, తెలిసినదాన్ని వదులుకోలేదు. గెరాసేనీయుల దేశంలో దయ్యాల బారినుంచి విడుదల పొందినవాడు యేసు వెంట వస్తానని బ్రతిమాలినా, ఆయన అతణ్ణి ఇంటివారి దగ్గరకే పంపి, ప్రభువు నీకు చేసిన కార్యాలను వారికి తెలియజెప్పమన్నాడు. సాక్ష్యం అంటే అదే: చూసినదీ, పొందినదీ చెప్పడం.

సాక్ష్యాల విషయంలో ఒక ప్రమాదముంది. పదిసార్లు చెప్పిన సాక్ష్యం పదకొండోసారికి కొంత పెరుగుతుంది. పూర్వ జీవితం మరింత నల్లగా, మార్పు మరింత నాటకీయంగా తయారవుతుంది. వినేవారి ఆశ్చర్యం చూసి కలిగే ఉత్సాహాన్ని ప్రభువునుబట్టి కలిగే ఉత్సాహమని పొరబడడం ఇక్కడే మొదలవుతుంది. చిన్ననాటినుంచి విశ్వాసంలో పెరిగి, పెద్ద మలుపులేవీ లేనివారు ఈ కారణంగా తమ సాక్ష్యాన్ని తక్కువగా చూసుకోనక్కరలేదు. బాల్యమునుండి లేఖనాలు ఎరిగిన తిమోతి విశ్వాసాన్ని, అతని అవ్వ లోయి, తల్లి యునీకేల పేర్లతో సహా పౌలు ఎంతో ఇష్టంగా గుర్తుచేసుకున్నాడు.

మీ అనుభవంతో ఆగిపోకూడదన్నది కూడా అంతే అవసరం. మనకు జరిగినది సాక్ష్యం. యేసు మన పాపాలకోసం మరణించి, సమాధి చేయబడి, మూడవ దినాన లేచాడన్నది సువార్త. మొదటిది రెండవదాని వైపు దారి చూపాలి.

ఉత్సాహం ఎక్కడ ఒత్తిడిగా మారుతుంది?

ఎదుటివారు "వద్దు" అనడానికి వీలులేని పరిస్థితి ఏర్పడినచోట మారుతుంది. తన దగ్గరకు వచ్చిన ధనవంతుడైన యువకుణ్ణి యేసు చూసి ప్రేమించాడని మార్కు చెబుతాడు. అయినా అతడు దుఃఖపడుతూ వెళ్లిపోతున్నప్పుడు ఆయన వెనుక పరుగెత్తలేదు, షరతులు తగ్గించలేదు, అతణ్ణి వెళ్లనిచ్చాడు. మనుషుల స్వేచ్ఛను ప్రభువే ఇంతగా గౌరవించినప్పుడు మనకు అంతకంటే ఎక్కువ అధికారం లేదు.

ఈ విషయంపై క్రైస్తవ సంఘాల మధ్య అరుదైన ఏకాభిప్రాయం ఉంది. ప్రపంచ సంఘాల మండలి, మతాంతర సంభాషణకు సంబంధించిన వాటికన్ మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి కలిసి 2011లో బహుమత ప్రపంచంలో క్రైస్తవ సాక్ష్యాన్ని గురించి ఒక పత్రాన్ని విడుదల చేశాయి. వంచననూ బలవంతాన్నీ ఆశ్రయించినవారు సువార్తకే ద్రోహం చేస్తున్నారనీ, సేవా కార్యక్రమాల ద్వారా పేదరికాన్ని ఆసరాగా తీసుకోకూడదనీ, డబ్బుతో సహా ఏ ప్రలోభమూ చూపకూడదనీ, మనిషి ఆలోచించుకోవడానికి తగిన సమయం ఇవ్వాలనీ అందులో స్పష్టంగా ఉంది. ఎన్నో విషయాల్లో ఒకరితో ఒకరు ఏకీభవించని సంస్థలు ఈ మాటను కలిసి చెప్పాయంటే దాని బరువు వేరు.

ఆచరణలో దీని అర్థం ఇది. మీ కింద పనిచేసే ఉద్యోగి, మీ దగ్గర చదివే విద్యార్థి, మీ చికిత్సలో ఉన్న రోగి, మీకు బాకీ ఉన్న మనిషి మీ మాట వింటున్నప్పుడు, వారు విషయాన్నిబట్టి వింటున్నారో, మీ స్థానాన్నిబట్టి వింటున్నారో మీకు తెలియదు. అటువంటిచోట మీ అంతట మీరు మొదలుపెట్టకపోవడమే న్యాయం. పిల్లల విషయంలో తల్లిదండ్రులకు తెలియకుండా ఏమీ చేయకూడదు. స్వస్థత, ఉద్యోగం, వివాహం తప్పక కలుగుతాయని వాగ్దానం చేసే అధికారం మనకెవరూ ఇవ్వలేదు. మీరున్నచోటి చట్టం ఏమంటున్నదో తెలుసుకొని ఉండడం కూడా మీ బాధ్యతే.

ఇతర మతాలవారితో మాట్లాడేటప్పుడు వారి విశ్వాసాన్ని విమర్శించకుండా నా విశ్వాసాన్ని చెప్పడం సాధ్యమేనా?

సాధ్యమే. ఏథెన్సులో విగ్రహాలను చూసి పౌలు ఆత్మ పరితాపపడిందని లూకా దాచకుండా రాశాడు. అయితే అరేయొపగు అనే సభ మధ్య నిలబడి మాట్లాడినప్పుడు ఆయన వారి భక్తిని గుర్తిస్తూ మొదలుపెట్టి, వారి కవుల మాటలనే ఉదహరించాడు. యేసు పునరుత్థానాన్ని, పశ్చాత్తాపానికి పిలుపును వదిలిపెట్టలేదు. ఎఫెసులో అల్లరి జరిగినప్పుడైతే, క్రైస్తవుడు కాని పట్టణపు కరణమే జనసమూహాన్ని సముదాయిస్తూ, వీరు మన దేవతను దూషించినవారు కారని సాక్ష్యమిచ్చాడు. పౌలు ఆ ప్రాంతంలో రెండేళ్లకు పైగా బోధించిన తరువాత వచ్చిన మాట అది. మనల్ని గురించి మన పొరుగువారు ఆ మాట అనగలరా అని ప్రతి సంఘమూ ప్రశ్నించుకోవాలి.

ఎదుటివారి విశ్వాసం గురించి వారినే అడిగి తెలుసుకోండి, ఓపికగా వినండి. మనలోని నిరీక్షణకు హేతువు అడిగేవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న పేతురు, ఆ జవాబు ఎలా ఉండాలో కూడా చెప్పాడు: "సాత్వికముతోను భయముతోను". మొదటి సగాన్ని కంఠస్థం చేసి రెండవ సగాన్ని మరిచిపోవడం మనకు అలవాటైపోయింది.

జవాబు తెలియని ప్రశ్న అడిగితే?

తెలియదని చెప్పండి. తెలుసుకొని చెబుతానని మాట ఇస్తే తప్పక తెలుసుకొని చెప్పండి.

ఎగతాళి చేస్తే ఉత్సాహం చల్లారిపోతుంది. ఎలా నిలబడాలి?

పౌలు, నీవు వెఱ్ఱివాడవు అని రోమా అధిపతి ఫేస్తు నిండు సభలో కేక వేసినప్పుడు పౌలు నొచ్చుకోలేదు, ఎదురు దూషించలేదు. తాను వెఱ్ఱివాడను కాననీ, సత్యమూ స్వస్థబుద్ధీ గల మాటలే చెబుతున్నాననీ మర్యాదగా బదులిచ్చి తన మాట కొనసాగించాడు. ఏథెన్సులోనూ కొందరు అపహాస్యం చేశారు, కొందరు మరొకసారి వింటామన్నారు, కొందరు విశ్వసించారు. ఒకే ప్రసంగానికి ఈ మూడు రకాల స్పందనా వచ్చినప్పుడు, అపహాస్యం ఎదురైనంత మాత్రాన మనం చెప్పిన తీరులోనే లోపముందని అనుకోనక్కరలేదు. అప్పుడప్పుడు లోపం ఉండవచ్చు కూడా. చెప్పిన వేళా, చెప్పిన పద్ధతీ సరైనవేనా అని నమ్మకమైన స్నేహితుణ్ణి అడగడం మంచిది. మొరటుతనానికి వచ్చిన ఎదురుదెబ్బను క్రీస్తు నిమిత్తం కలిగిన హింసగా లెక్కవేసుకోకూడదు.

ఇంట్లోవారికి చెప్పడం అన్నిటికంటే కష్టంగా ఉంది.

అది అందరి అనుభవం. యేసు సహోదరులు కూడా మొదట ఆయనయందు విశ్వాసముంచలేదని యోహాను రాశాడు. ఆయన ఆరోహణం తరువాత మేడగదిలో ప్రార్థిస్తున్నవారిలో వారున్నారు. ఇంట్లోవారు మన మాటల కంటే మన కోపాన్ని, మన క్షమాపణలను, పనుల్లో మన పాలును ఎక్కువగా చదువుతారు. వాక్యానికి లోబడని భర్తలు వాక్యం లేకుండానే భార్యల ప్రవర్తనవల్ల రాబట్టబడవచ్చునని పేతురు రాసిన మాటలోని సూత్రం ఆ ఒక్క బంధానికే పరిమితం కాదని మా అభిప్రాయం. ఒకసారి స్పష్టంగా చెప్పిన తరువాత, ప్రతి భోజనం దగ్గరా అదే సంగతి ఎత్తవలసిన అవసరం లేదు.

కొత్తగా విశ్వసించినవారి అత్యుత్సాహాన్ని అదుపు చేయాలా?

అదుపు చేయడం కంటే దానికి జ్ఞానాన్ని జోడించాలి. అపొల్లో ఆత్మయందు తీవ్రపడి యేసును గురించి బోధించేవాడు, కాని యోహాను బాప్తిస్మం మాత్రమే తెలిసినవాడు. ప్రిస్కిల్ల, అకుల అతణ్ణి సమాజమందిరంలో అందరి ముందూ సరిదిద్దలేదు. తమ దగ్గరకు చేర్చుకొని దేవుని మార్గాన్ని మరి పూర్తిగా విశదపరచారు. ఆ తరువాత అతడు అకయలోని విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు. కొత్త విశ్వాసి ఉత్సాహాన్ని చూసి "కొన్నాళ్లకు అదే తగ్గుతుందిలే" అనే పెద్దలు, తమలో అది ఎందుకు తగ్గిందో ముందు ఆలోచించుకోవడం న్యాయం.

ఎన్నేళ్లు చెప్పినా ఎవరూ విశ్వసించలేదు. ఇంకా ఉత్సాహంగా ఎలా ఉండగలను?

మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్ చేరాడు. అక్కడ ఆయన సేవలో మొదటి విశ్వాసియైన కృష్ణపాల్ బాప్తిస్మం పొందినది 1800 డిసెంబరులో. మరొక మిషనరీ అదోనీరాం జడ్సన్ 1813లో బర్మా చేరాడు. అక్కడ మొదటి విశ్వాసికి బాప్తిస్మమిచ్చినది 1819లో. మధ్యలో గడిచిన ఆ సంవత్సరాల్లో వారి సంతోషం ఫలితాల మీదనే ఆధారపడి ఉంటే, ఆ ఇద్దరూ తిరుగు ఓడ ఎక్కి ఉండేవారు.

ఈ ప్రశ్నకు మూల వాక్యం లూకా 10వ అధ్యాయంలో ఉంది. యేసు పంపిన డెబ్బదిమంది సంతోషంతో తిరిగివచ్చి, దయ్యాలు కూడా తమకు లోబడుతున్నాయని చెప్పారు. అంటే అది విజయం దొరికిన సందర్భం. అయినా యేసు వారి సంతోషాన్ని మరోచోటికి మళ్లించాడు: దయ్యాలు లోబడినందుకు కాక, మీ పేర్లు పరలోకంలో రాయబడినందుకు సంతోషించండి అన్నాడు. ఫలితం ఉన్నప్పుడే ఈ హెచ్చరిక అవసరమైందంటే, ఫలితం లేనప్పుడు ఇది ఎంత ఆదరణో ఆలోచించండి. ఎంతమంది వచ్చారన్నదాన్నిబట్టి సంతోషించేవారు, రానివారి మీద విసుగు చూపడానికి ఎంతో కాలం పట్టదు. నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే అని పౌలు చేసిన పని విభజనలో మన వంతు మొదటి రెండింటిలోనే ఉంది.

ఎవరైనా విశ్వసించిన తరువాత నా బాధ్యత ముగిసినట్టేనా?

ఐతియొపీయుల కోశాధికారి విషయంలో ఫిలిప్పు బాధ్యత ముగిసింది, ఎందుకంటే ప్రభువు ఆత్మ అతణ్ణి అక్కడినుంచి కొనిపోయాడు. మామూలుగా మాత్రం అలా జరగదు. పెంతెకొస్తు దినాన విశ్వసించినవారు అపొస్తలుల బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో, ప్రార్థనలో ఎడతెగక ఉన్నారంటే, వారిని చేర్చుకొని కూర్చోబెట్టినవారు కూడా ఉన్నారన్నమాట. కొత్త విశ్వాసిని ఒక స్థానిక సంఘానికి పరిచయం చేయండి, లేఖనాలు చదవడంలో తోడుండండి, వారి కుటుంబంలో ఎదురయ్యే చిక్కులను ఓర్పుతో వినండి. తల్లిదండ్రులను తూలనాడమనీ పాత స్నేహాలను తెంచుకోమనీ వారికి చెప్పకండి. వారి సాక్ష్యాన్ని వేదికల మీద వెంటనే ప్రదర్శించాలన్న తొందర కూడా వద్దు. ఎప్పుడు మాట్లాడాలో, అసలు మాట్లాడాలో వద్దో వారే నిర్ణయించుకోవాలి.